ఏ వార్తకు ఎవరి మాట: వాట్సాప్, టీవీ, పేపరు, జీవో పక్కపక్కన పెట్టి చూస్తే

2020 డిసెంబర్ 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి పడిపోయి ఫిట్స్‌తో కొట్టుకోవడం మొదలైంది. మూడు నుంచి ఐదు నిమిషాల ఫిట్స్, తర్వాత మగత, వాంతులు, తలనొప్పి. చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుని ఇళ్లకు వెళ్లిపోయారు కానీ, కొత్తగా వచ్చేవాళ్లు ఆగలేదు. చివరికి బాధితుల లెక్క ఆరు వందలు దాటింది. ఒకరు చనిపోయారు. అసలే కరోనా భయం. పరీక్ష చేస్తే కరోనా కాదన్నారు. మరేమిటి?

వార్తను ఎలా నమ్మాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ రోజులే గుర్తొస్తాయి. వార్త రోజుకో రూపం మార్చింది. మొదట కుళాయి నీళ్ల మీద అనుమానం. మున్సిపల్ నీటి శాంపిళ్లు మామూలుగానే ఉన్నాయన్నారు, పైగా ఆ నీళ్లు వాడనివాళ్లకూ ఫిట్స్ వచ్చాయి. తర్వాత ఆర్గానోక్లోరిన్ (ఒక రకం పురుగుమందు) అనే మాట వినిపించింది, ఒక ఎంపీ కూడా అదే అన్నారు. ఆ వెంటనే ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఇంకేముంది, "సీసమే కారణం" అని చాలామంది తేల్చేసుకున్నారు. డిసెంబర్ మధ్యకు వచ్చేసరికి ఎయిమ్స్, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని, అవి ఒంట్లోకి ఎలా చేరాయో ఇంకా లోతుగా చూడాలని ప్రభుత్వానికి చెప్పారు.

వీటిలో ఏదీ ఎవరో కావాలని అల్లిన కథ కాదు. "రక్తంలో సీసం కనిపించింది" అన్నది పరీక్ష ఫలితం, అది నిజమే. "సీసం వల్లే జబ్బు వచ్చింది" అన్నది తీర్మానం. మొదటిదాన్ని రెండోదిగా మార్చింది హెడ్డింగులు కొంత, మన తొందర కొంత. సీసం వార్త దగ్గరే చదవడం ఆపేసినవాళ్లను ఇప్పుడు అడిగినా సీసం అనే చెప్తారు.

అందుకే మంచి ఛానల్ ఏది, మంచి పేపరు ఏది అని ఎవరైనా అడిగితే నేను ఒక్క పేరు చెప్పను. పంటి నొప్పికి కళ్ల డాక్టరు దగ్గరికి పోనట్టే, వార్తను బట్టి, అది వచ్చిన గంటను బట్టి మనం అడిగే మనిషిని మార్చుకోవాలి. ఆ విషయం మొదట ఎవరి చేతిలో పుడుతుంది, తప్పయితే ఎవరు జవాబు చెప్పాలి, ఈ రెండూ చూస్తే చాలావరకు తేలిపోతుంది.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తా. వాన, తుపాను అయితే వాతావరణ శాఖ బులెటిన్. స్కూలు సెలవు, పరీక్ష తేదీ, పథకం గడువు అయితే ఆ ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసు. ప్రమాదాలు, నేరాలకు మర్నాటి పేపర్లో జిల్లా పేజీ. రాజకీయానికి ఒకదానికొకటి పడని రెండు పేపర్లు పక్కపక్కన. ఆరోగ్యం విషయంలో ఏ ఒక్కరోజు వార్తా చాలదు, వారం ఆగి మళ్లీ చూడాల్సిందే.

వాట్సాప్: పంపినవాళ్లు కాదు, చూసినవాళ్లు ఎవరు?

వాట్సాప్ అంటేనే అబద్ధాలని కొట్టిపారేయడం కూడా తప్పే. "మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, కారు తీయకండి" అని పక్క వీధి ఫ్రెండ్ టైప్ చేసి పెడితే, అది ఆ నిమిషానికి ఏ టీవీ కంటే మేలైన వార్త. అతను చూశాడు, పేరు తెలుసు, ఫోన్ చేసి అడగొచ్చు. అదే గ్రూపులో ఐదు నిమిషాల తర్వాత "చెరువు తెగింది, అందరికీ షేర్ చేయండి" అని వచ్చే మెసేజ్ వేరే జాతి. పంపింది మన మేనమామే కావొచ్చు. కానీ చెరువు చూసింది ఆయన కాదు, ఆయనకు పంపినవాళ్లూ కాదు. మేనమామ మీద ఉన్న నమ్మకాన్ని ఆ మెసేజ్‌కు అప్పుగా ఇచ్చేస్తాం. వాట్సాప్‌లో మోసం జరిగేది అక్కడే.

2018 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వచ్చిన మెసేజ్‌లు గుర్తుండే ఉంటాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని జనం కొట్టి చంపారు. జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి, అలాగే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. దేశమంతా తిరిగిన ఆ వీడియోల్లో ఒకటి కరాచీలో తీసినది. పిల్లల భద్రత మీద అవగాహన కోసం అక్కడి సంస్థ చేయించిన చిన్న చిత్రం అది. బైకు మీద వచ్చి పిల్లవాడిని ఎత్తుకుపోవడం, తర్వాత తిరిగి తెచ్చి దింపి బోర్డు చూపించడం, ఇదీ అసలు వీడియో. చివరి ముక్క కోసేసి పంపారు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని పెద్దలు అంటారు గానీ, ఫోన్లలో నిప్పు అక్కర్లేదు, కత్తెర చాలు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టి, డప్పు కొట్టి పాటలు పాడించి ఈ మెసేజ్‌లు అబద్ధమని చెప్పించారు. ఆ ఊళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. అంతకుముందు జనానికి మెసేజ్ సంగతి అడగడానికి తెలిసిన మనిషి లేడు. ఊళ్లోకి వచ్చిపోయే కానిస్టేబుల్ పరిచయమయ్యాక ఫార్వర్డ్ చేసే ముందు అతన్ని అడగడం మొదలుపెట్టారు.

2018 నుంచి వాట్సాప్‌లో 'ఫార్వర్డెడ్' అనే గుర్తు వస్తోంది. ఒక బాణం ఉంటే ఎవరో ఒకరి నుంచి వచ్చింది. రెండు బాణాలు ఉంటే కనీసం ఐదు చేతులు మారి వచ్చింది, అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. రెండు బాణాలు కనిపిస్తే నేనైతే అది వార్త అనుకోవడం మానేశాను. బాణాలు లేకపోయినా కాపీ చేసి పేస్ట్ చేసి ఉండొచ్చు. దానికి వేరే గుర్తులున్నాయి: తేదీ ఉండదు, "ఈరోజు", "రేపు" అనే ఉంటుంది. ఊరు పేరు ఉంటుంది, వీధి పేరు ఉండదు. "నాకు తెలిసిన డాక్టర్ చెప్పారు" అని ఉంటుంది, డాక్టర్ పేరుండదు.

టీవీ, యూట్యూబ్

టీవీ బలం జరుగుతున్నదాన్ని చూపించడం. బలహీనత, జరగనప్పుడు కూడా ఏదో ఒకటి చూపించాల్సి రావడం. 2016 నవంబర్‌లో కొత్త రెండు వేల నోటులో జీపీఎస్ చిప్ ఉందని కొన్ని జాతీయ హిందీ ఛానళ్లు యానిమేషన్లు వేసి మరీ చెప్పాయి. నోటు ప్రకటించిన రోజే రిజర్వ్ బ్యాంకు దాని లక్షణాలన్నీ జాబితాగా ఇచ్చింది. అందులో చిప్ ఊసే లేదు. ఆ ఒక్క పేజీ చదివితే సరిపోయేది.

కాబట్టి టీవీ చూడాలనుకుంటే యాంకర్‌ను కాదు, ప్రెస్ మీట్‌ను చూడండి. మంత్రి, డాక్టర్, పోలీస్ కమిషనర్ ఏం మాట్లాడారో పూర్తి వీడియో యూట్యూబ్‌లో దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ఇరవై నిమిషాలు ఓపిక పడితే, రాత్రి తొమ్మిది గంటల చర్చలో ఆరు ముక్కలై కనిపించే మాట అసలు ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో తెలుస్తుంది.

యూట్యూబ్ విషయంలో నా అభిప్రాయం కొంచెం కలగలుపు. మండల స్థాయిలో ఫోన్ పట్టుకుని తిరిగే కుర్రాళ్లు కొందరు పెద్ద ఛానళ్లు తొంగిచూడని రోడ్డు గుంతను, తాగునీటి ట్యాంకును చూపిస్తారు. అక్కడ స్థలం కనిపిస్తుంది, బోర్డు కనిపిస్తుంది, మాట్లాడే మనిషి కనిపిస్తాడు. ఇంకో రకం ఛానళ్లున్నాయి: థంబ్‌నెయిల్ మీద ఏడుస్తున్న హీరోయిన్, ఎర్ర గుండ్రం, "షాకింగ్", లోపల పన్నెండు నిమిషాల వాయిస్ ఓవర్, పాత ఫోటోలు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం మొదటి రకానికి అన్యాయం. తేడా తెలియాలంటే ఛానల్ వివరాల్లోకి వెళ్లి చూడండి. నడిపేవాళ్ల పేరు, ఊరు ఉన్నాయా? తప్పు చెప్పినప్పుడు వీడియో చడీచప్పుడు లేకుండా తీసేస్తారా, సవరణ చెప్తారా?

సాక్ష్యం చెప్పే వీడియో విషయంలో మాత్రం ఇద్దరినీ ఒకేలా అనుమానించాలి. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటు మందు కోసం జనం వేలల్లో క్యూ కట్టారు. కంట్లో చుక్కలు వేయగానే ఊపిరి అందిందని ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ చెప్పిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. కొన్ని రోజులకే ఆయన నెల్లూరు ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ రెండో వార్త చూసినవాళ్లు ఎంతమంది? ఆయన అబద్ధం చెప్పారని నేననను, ఆ నిమిషం ఆయనకు అలాగే అనిపించి ఉంటుంది. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతి ఇచ్చింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ నివేదిక మందు వల్ల హాని లేదంది, కరోనా తగ్గుతుందనడానికి మాత్రం ఆధారం లేదంది. స్క్రోలింగ్‌లో "ఆనందయ్య మందుకు గ్రీన్ సిగ్నల్" అనే నాలుగు మాటలకు మాత్రమే చోటుంది. హాని లేదు అన్నదానికీ నయం చేస్తుంది అన్నదానికీ మధ్య ఉన్న దూరం ఆ స్క్రోలింగ్‌లో పట్టదు.

పేపరు: మాట చివర చూడండి

అచ్చు పేపరుకు ఒక పెద్ద లాభం ఉంది. చివరి పేజీ అడుగున భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, ఎక్కడ అచ్చయిందో ఉంటాయి. 1867 నాటి చట్టం నుంచీ ఇది తప్పనిసరి, 2023లో వచ్చిన కొత్త చట్టం కిందా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అంటే పరువు నష్టం దావా వేయాలంటే నోటీసు ఎవరికి పంపాలో తెలుసు. ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. మందలించడం తప్ప శిక్షించే అధికారం దానికి లేదు, అది వేరే సంగతి. ఫార్వర్డ్ మెసేజ్ మీద దావా ఎవరి మీద వేస్తాం?

ఇక చదవడం. తెలుగు విలేకరులు వాక్యం చివర పెట్టే క్రియలో ఆ వార్త బలమంతా ఉంటుంది. హెడ్డింగ్ ఎలా ఉన్నా, డెస్క్‌లో ఉన్నవాళ్లు అక్కడ మాత్రం జాగ్రత్తపడతారు. "ఎస్పీ వెల్లడించారు" అంటే ఒక మనిషి పేరు మీద, హోదా మీద మాట నిలబడింది. "పోలీసులు తెలిపారు" అంటే స్టేషన్లో ఎవరో చెప్పారు, కొంచెం తక్కువ. "ప్రాథమికంగా నిర్ధారించారు" అని ఉంటే రేపు మారొచ్చని ముందే చెప్తున్నారు. ఏలూరు వార్తల్లో ఇదే మాట ఎన్నిసార్లు వచ్చిందో. "విశ్వసనీయంగా తెలిసింది" అంటే లోపలివాళ్లు ఎవరో పేరు చెప్పొద్దని చెప్పారు. మంత్రివర్గ విస్తరణల్లాంటి వార్తల్లో ఇది తరచూ నిజమే అవుతుంది, కానీ చెప్పినవాళ్లకు చెప్పడం వల్ల ఏదో లాభం ఉంటుంది. "ప్రచారం జరుగుతోంది", "చర్చనీయాంశంగా మారింది", "గుసగుసలు వినిపిస్తున్నాయి" అని ముగిస్తే ఎవరూ ఏమీ చెప్పలేదని అర్థం. విలేకరికి వార్త రాయాలి, ఆధారం లేదు. ఇలాంటి వాక్యాన్ని చదివి సరదా పడొచ్చు, పక్కవాళ్లకు చెప్పకూడదు.

హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉంటే లోపల జవాబు "ఇంకా తెలీదు" అనే ఎక్కువసార్లు. కోట్స్ మధ్య ఉన్న మాట పేపరు మాట కాదు, ఇంకెవరిదో. వార్తలా కనిపిస్తూ ఊరి పేరు, విలేకరి గుర్తు ఏమీ లేకుండా, ఒక కాలేజీనో ఆస్పత్రినో రియల్ ఎస్టేట్ వెంచర్‌నో ఆకాశానికెత్తే బాక్సు ఉంటే మూల ఎక్కడో చిన్నగా 'ప్రకటన' అని ఉందేమో వెతకండి. ఎన్నికల ముందు ఇంకా జాగ్రత్త. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్‌రెడ్డి ఒకరు, ఆంధ్రప్రదేశ్ సంగతులూ అందులో ఉన్నాయి. ఆ నివేదిక పూర్తిగా బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. పేపర్ల గురించిన వార్తే ఎంత కష్టంగా బయటికొస్తుందో చూడండి.

ఇక అందరికీ తెలిసిన సంగతి. సాక్షిని పెట్టింది జగన్ కుటుంబం. ఈనాడు, ఆంధ్రజ్యోతి అంటే వైసీపీవాళ్లు ఎల్లో మీడియా అంటారు, సాక్షి అంటే టీడీపీవాళ్లు నీలి మీడియా అంటారు. నమస్తే తెలంగాణ బీఆర్‌ఎస్ మాట. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది. చాలామంది ఇది చెప్పి "అందుకే ఏదీ నమ్మను" అంటారు. నాకైతే ఇది సుఖమైన పరిస్థితి. ఏ పేపరు ఎటు వంగి ఉందో తెలిస్తే లెక్క సరిచేసుకోవడం తేలిక. తటస్థం అని చెప్పుకుంటూ వంగేవాళ్లతోనే కష్టం.

ధాన్యం కొనుగోళ్ల సీజన్‌లో చూడండి. అధికార పక్షానికి దగ్గరైన పేపర్లో ఇప్పటికి ఇన్ని లక్షల టన్నులు కొన్నారని ఉంటుంది. అవతలి పేపర్లో కొనుగోలు కేంద్రం ముందు తడిసిన బస్తాలు, రోజుల తరబడి పడిగాపులు కాస్తున్న రైతు ఫోటో. రెండూ నిజమే అయ్యుండొచ్చు. మొదటిదాంట్లో డబ్బులు ఖాతాల్లో పడ్డాయా లేదా అన్నది లేదు. రెండోదాంట్లో మిగతా కేంద్రాల సంగతి లేదు. రెండూ పక్కపక్కన పెడితే ఏం అడగాలో తెలుస్తుంది. ఇలా చదివేటప్పుడు రెండు చోట్ల మాత్రం గట్టిగా నమ్మొచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటున్న అంకె ఒకటి. ఒక పేపరు తనవాళ్లకు నష్టం చేసే సంగతిని తనే అచ్చేస్తే అది రెండోది. తనవాళ్ల మీదే రాశారంటే దాచడానికి వీల్లేనంతగా తేలిపోయిందని లెక్క.

ప్రమాద వార్తల్లో మృతుల సంఖ్య మొదటి రోజు తలా ఒకటి రాస్తారు. కలెక్టర్ పేరో ఆస్పత్రి సూపరింటెండెంట్ పేరో పక్కన ఉన్న అంకె తీసుకోండి. అది తక్కువగా ఉన్నా సరే, పెరిగితే రేపు పెరుగుతుంది.

జీవో, ప్రెస్‌నోట్, బులెటిన్

ప్రభుత్వ కాగితం చూడగానే మనకు గౌరవం. 2021 ఏప్రిల్‌లో, సెకండ్ వేవ్ మొదలవుతున్నప్పుడు, తెలంగాణలో లాక్‌డౌన్ పెడుతున్నట్టు ఒక జీవో ఫోన్లలో తిరిగింది. నంబరు, భాష, ఫార్మాట్ అన్నీ అచ్చం అసలు జీవోలా ఉన్నాయి. ఉండవూ మరి, అంతకుముందు ఏడాది వచ్చిన అసలు జీవోలోనే తేదీలు మార్చారు. తర్వాత హైదరాబాద్ పోలీసులు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను అరెస్టు చేశారు.

అలాంటిదాన్ని పట్టుకోవడం ఎలా? కాగితం ఫోటోను ఎంతసేపు చూసినా తేలదు. కాగితాన్ని వదిలి మూలానికి వెళ్లాలి. జీవో అయితే ఏ శాఖది, ఏ నంబరు, ఏ తేదీ అన్నది చూసి ఆ శాఖ వెబ్‌సైట్‌లో గానీ సమాచార శాఖ అధికారిక ఖాతాల్లో గానీ ఉందేమో వెతకడం. అక్కడ లేకపోతే ఆగడం. స్కూలు సెలవు అయితే కలెక్టర్ అధికారిక ఖాతా, లేదంటే స్కూలుకే ఫోన్. పరీక్షల విషయంలో బోర్డు వెబ్‌సైట్ తప్ప ఇంకెవరి మాటా వినక్కర్లేదు. లాక్‌డౌన్ లాంటి పెద్ద నిర్ణయం ఒక్క వాట్సాప్ ఫోటోలోనే ఉండి, ఏ పేపరు సైట్‌లోనూ, ఏ టీవీలోనూ లేదంటే, అదే పెద్ద అనుమానం.

వాతావరణంలో మాత్రం మనకు మంచి ఏర్పాటు ఉంది, వాడుకోం. "భారీ", "అతి భారీ", "అత్యంత భారీ" అనేవి టీవీ యాంకర్ ఊపులో అనే మాటలు అనుకుంటాం. వాతావరణ శాఖ లెక్కలో ఒక్కరోజులో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు అయితే భారీ, 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే కదలమని. జిల్లాలవారీ హెచ్చరికలు హైదరాబాద్, అమరావతి కేంద్రాల పేజీల్లో రోజూ ఉంటాయి. "మరో 48 గంటల్లో మహా ప్రళయం" అనే వీడియో చూసి టెన్షన్ పడే బదులు ఆ మ్యాపులో మన జిల్లా ఏ రంగులో ఉందో చూస్తే ఒక నిమిషం పని. ప్రతి తుపానుకూ వెనకటి తుపానుల వీడియోలు కొత్తగా తిరుగుతాయని వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ ప్రకటన ఏం చేశారో చెప్పడంలో గట్టిది. ఏం చేయలేదో చెప్పడంలో కాదు. ఎంత సాయం మంజూరైందో ప్రెస్‌నోట్‌లో చూడండి. అందిందా లేదా అన్నదానికి జిల్లా పేజీ చూడండి.

ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు

తెలుగులో ఇప్పుడు ఈ పని చేసేవాళ్లకు కొదవ లేదు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ఉన్నాయి. న్యూస్‌చెకర్, విశ్వాస్ న్యూస్ కూడా తెలుగులో రాస్తాయి. వీళ్ల దగ్గర నాకు నచ్చేది తీర్పు కాదు, దారి. ఈ ఫోటో మొదట ఫలానా ఏడాది ఫలానా చోట వచ్చింది, ఇదిగో లింకు అని చూపిస్తారు. మనమే వెళ్లి చూసుకోవచ్చు. లోటు ఏమిటంటే, బాగా తిరిగినవాటినే పట్టుకుంటారు, అదీ ఒకటి రెండు రోజులు గడిచాక. మీ మండలం గ్రూపులో తిరిగే పుకారు వాళ్లదాకా పోదు.

కేంద్ర ప్రభుత్వానికి దాని సమాచార విభాగం నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది. నకిలీ ఉద్యోగ ప్రకటనలు, లేని పథకాల లింకులు, "ఉచిత ల్యాప్‌టాప్" లాంటివి తేల్చడంలో అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే పథకం ఉందో లేదో చెప్పాల్సింది వాళ్లే. ప్రభుత్వాన్ని విమర్శించే వార్త మీద ఎర్ర ముద్ర వేసినప్పుడు మాత్రం, అది అవతలి పక్షం వాదనగా చదవండి. తన గురించిన వార్త అబద్ధమో కాదో కేంద్రమే తేల్చే విభాగం కోసం 2023లో తెచ్చిన నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టేసింది కూడా.

ఫోటోలు, వీడియోల పని ఇంట్లోనే కొంత చేయొచ్చు. ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేస్తే పాతదో కాదో చాలాసార్లు తెలుస్తుంది. వీడియో అయితే స్పష్టంగా ఉన్న ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి వేయండి. షాపు బోర్డుల భాష, బండి నంబరు ప్లేటు, పోలీసుల యూనిఫాం చూడండి. "విజయవాడలో" అన్న వీడియోలో బోర్డులన్నీ బెంగాలీలో ఉంటే ఇంక చూడక్కర్లేదు. 2023 నవంబర్‌లో వచ్చిన రష్మిక మందన్న డీప్‌ఫేక్ అలాగే తేలింది. అసలు వీడియోలో ఉన్నది బ్రిటన్‌లో ఉండే ఇంకో అమ్మాయి, అది ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది. మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది మన గుంటూరు కుర్రాడిని. ఇప్పటి ఏఐ వీడియోల్లో మూల వీడియో అంటూ ఉండకపోవచ్చు కాబట్టి లెన్స్‌కు ఏమీ దొరక్కపోవచ్చు. అప్పుడు మిగిలేది పాత ప్రశ్నే: దీన్ని తీసినవాళ్లు ఎవరు, అక్కడ ఇంకెవరూ ఫోన్ తీయలేదా?

తేలనప్పుడు ఏం చేయాలి

అన్నీ చూసినా కొన్నిసార్లు తేలదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిర్లు 12 మందిని పొట్టన పెట్టుకున్న రోజు రాత్రి, మళ్లీ లీకైందన్న మాట పుట్టింది. అగ్నిమాపక అధికారి మాటగా వార్తా సంస్థలే రాశాయి. కంపెనీ అదేం లేదు, ట్యాంకులో వేడి పెరగొచ్చని ముందుజాగ్రత్తగా ఖాళీ చేయించమన్నాం అంది. ఆ రాత్రి పిల్లలను ఎత్తుకుని రోడ్డెక్కినవాళ్లు పుకారు నమ్మారని నేను తప్పు పట్టలేను. తప్పయితే ఒక రాత్రి నిద్ర పోతుంది, నిజమైతే ప్రాణాలు దక్కుతాయి.

2025 సెప్టెంబర్ 19న హెచ్‌-1బీ అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ట్రంప్ లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడూ అంతే. పక్కనే నిలబడ్డ అమెరికా వాణిజ్య మంత్రి ఏటా కట్టాలన్నట్టు మాట్లాడారు. మంత్రి నోటి నుంచి వచ్చిన మాట, కెమెరా ముందు, ఇంతకంటే గట్టి ఆధారం ఏముంటుంది? కానీ సంతకం పెట్టిన ప్రకటనలో ఏటా అన్న మాట లేదు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల సంగతి మాత్రం అందులో సూటిగా లేదు. గడువు ఆదివారం మొదలైన నిమిషం నుంచే. పెద్ద కంపెనీలు ఉద్యోగులకు దేశం దాటొద్దని, బయట ఉన్నవాళ్లు వెంటనే రమ్మని మెయిళ్లు పెట్టాయి. ఇండియా బయల్దేరడానికి విమానంలో కూర్చున్నవాళ్లు దిగిపోయారు. శనివారానికి వైట్‌హౌస్ ప్రతినిధి వివరణ ఇచ్చారు: ఒక్కసారి కట్టేదే, కొత్త దరఖాస్తులకే, ఇప్పుడు వీసా ఉన్నవాళ్లకు కాదు.

విమానం దిగిపోయినవాళ్లు ఆ గంటకు తెలిసినదాన్ని బట్టి సరిగ్గానే చేశారని నా అభిప్రాయం. పోయింది టికెట్ డబ్బు, రాకపోకల బాధ. రిస్క్ తీసుకుంటే పోయేది ఉద్యోగం. అదే శుక్రవారం రాత్రి "హెచ్‌-1బీ ఉన్నవాళ్లందరూ ఏటా 88 లక్షలు కట్టాల్సిందే" అని గుంటూరులో, కరీంనగర్‌లో తల్లిదండ్రుల గ్రూపుల్లో పెట్టినవాళ్ల లెక్క వేరు. వాళ్లు ఆగితే ఎవరికీ ఏ నష్టమూ లేదు. సగం తెలిసిన వార్తను బట్టి నా సామాను నేను సర్దుకోవచ్చు. దాన్ని ఇంకో పాతికమందికి పంపాలంటే మాత్రం, ఆ పాతికమందిలో ఎవరైనా ఫోన్ చేసి "నీకెలా తెలుసు?" అంటే చెప్పడానికి నా దగ్గర ఒక పేరు గానీ, ఒక కాగితం గానీ ఉండాలి.